వెన్నపండు, టమాటా, చెంచాడు నూనె

పలనాటి సీమలో నాగులేటి ఒడ్డున ఉన్న కారంపూడిలో ఏటేట కార్తిక అమావాస్యతో వీరుల తిరునాళ్లు మొదలవుతవి. అయిదు రోజుల ఆ ఉత్సవములో మందపోరు నాడు చాపకూడు పెడతారు. కులభేదము లేకుండ అందరును కలిసి భుజించవలెనని బ్రహ్మనాయుడు నడిపిన పద్ధతికి అది జ్ఞాపకము. పలనాటి యుద్ధము జరిగిన 12వ శతాబ్దములో ఆ చాపల మీద ఏయే పదార్థములు వడ్డించినారన్నది చరిత్రకారుల విషయము. ఏవి వడ్డించలేదో మాత్రము వృక్షశాస్త్రజ్ఞుడు నిస్సంశయముగా చెప్పగలడు. మిరపకాయ లేదు. టమాటా లేదు. వేరుసెనగ గింజ కూడ లేదు. ఈ మూడును అమెరికా ఖండపు మొక్కలు. ఐరోపా నావికులు ఆ ఖండమునకు దారి కనుగొన్న తరువాతనే సముద్రము దాటినవి. బాలచంద్రుడు ఏ పచ్చడి తిన్నా అందులోని కారము మిరియాలదే, నూనె నువ్వులదే.

ఇప్పుడు ఆ ఖండము నుండే మరొక అతిథి వచ్చినది. పెద్ద పట్టణములలోని పండ్ల దుకాణములలో మెడ సన్నగా, అడుగు లావుగా, ముదురాకుపచ్చ తోలుతో ఒక పండు కనిపిస్తున్నది. దాని పేరు అవొకాడో. గుజ్జు వెన్నవలె మెత్తగా ఉంటుంది గనుక మనవారు వెన్నపండు అంటున్నారు. దీనిని బద్దలుగా కోసి పళ్లెములో పేర్చి, సన్నగా తరిగిన టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీరలకు ఉప్పు, నిమ్మరసము చేర్చి దానిపై పరచి, వండకుండానే తినడము నగరములలో వాడుక అవుతున్నది. ఇది ఆరోగ్యమునకు ఎంతో మంచిదని ప్రచారము గూడ గట్టిగానే సాగుతున్నది. ధర కూడ ఆ ప్రచారమునకు తగినట్లే ఉన్నది. ఆ ప్రచారములో నిజమెంత? ఉన్న నిజము ఆ పండుకే చెందినదా, లేక మరి దేనికైనా చెందినదా? వెన్నపండు కంటితో చూడని కారంపూడి విద్యార్థికి దీనితో పని ఏమి? శాస్త్రజ్ఞులు చేసిన రెండు మూడు ప్రయోగములను వరుసగా చూస్తే వీటికి సమాధానము దొరుకుతుంది.

పుట్టిల్లు

మెక్సికోలోని ఆజ్‌టెక్ ప్రజల భాషకు నహువాతల్ అని పేరు. వారు వెన్నపండును అహువాకత్ల్ అనేవారు. టమాటాను తోమత్ల్ అనేవారు. మిరపను చిల్లి అనేవారు. ఈనాడు లోకమంతట వాడుతున్న పేర్లు వీటి నుండి పుట్టినవే. మొల్లి అంటే వారి భాషలో నూరిన పచ్చడి. వెన్నపండు పచ్చడి అహువాకమొల్లి. అదే స్పానిష్ వారి నోట గ్వాకమొలె అయినది. నూరుటకు వారు వాడినది అగ్నిపర్వతపు రాతితో చెక్కిన మూడు కాళ్ల చిన్న రోలు. మెక్సికోలో అది నేటికీ వాడుకలో ఉన్నది. మన రోటికి అది చుట్టము కాకపోయినా, చేసే పని మాత్రము అదే. 16వ శతాబ్దములో సహగూన్ అనే స్పానిష్ మతాచార్యుడు ఆజ్‌టెక్ అంగడి వీధిలో టమాటా, మిరప కలిపిన పచ్చళ్లు అమ్మేవారిని గురించి వివరముగా వ్రాయించినాడు. కనుక వెన్నపండు ముక్కల మీద టమాటా, మిరప పరచడము నేటి హోటలువారు కనిపెట్టినది కాదు. ఈ మూడును ఒకే ఊరి పెరట్లో పెరిగిన ఇరుగుపొరుగులు.

వాస్కో డ గామా 1498లో కోళిక్కోడు చేరిన తరువాతి శతాబ్దములో పోర్చుగీసువారి వెంట మిరప వచ్చినది. అది ఎంత త్వరగా మనదైపోయినదో గుంటూరు యార్డులోని మిరప టిక్కీలను చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. టమాటాకు అంత ఆదరము వెంటనే దొరకలేదు. 19వ శతాబ్దపు చివరి భాగములో కూడ దానిని ముఖ్యముగా తెల్లదొరల కోసమే పండించేవారు. కొన్ని చోట్ల రామములగ అని, సీమవంగ అని పిలిచి, పెద్దలు చాలకాలము అనుమానముగానే చూచినారు. ఈనాడు మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర లేచినా పడినా పత్రికలకు అది వార్త.

టమాటాది వంగ కుటుంబము. మిరప, బంగాళాదుంప, పొగాకు దాని దాయాదులు. వెన్నపండు చెట్టు బంధువర్గము వేరు: దాల్చినచెక్క, కర్పూరపు చెట్టు, బిరియానీలో వేసే ఆకు దాని కుటుంబమువి. మెక్సికో జాతి వెన్నపండు ఆకును నలిపితే సోపు వాసన వస్తుంది. 20వ శతాబ్దపు తొలి భాగములో సింహళము నుండి ఇది దక్షిణ భారతమునకు వచ్చినదని చెబుతారు. కొడగు, నీలగిరి, పళని కొండలలోను, వయనాడులోను బాగా కుదురుకొన్నది. కొడగులోని చెట్టళ్లి కేంద్రములోను, తమిళనాడులోని తడియన్‌కుడిసై కేంద్రములోను దీని రకములపై పరిశోధన జరుగుతున్నది. పలనాడుకు మాత్రము ఇది తగిన చెట్టు కాదు. రాష్ట్రములో హెచ్చు ఎండలు నమోదయ్యే చోట్లలో రెంటచింతల ఒకటి. అక్కడ 45 డిగ్రీలు దాటే వేసవి ఈ చెట్టు పూతను, పిందెను నిలువనీయదు. వేళ్ల వద్ద నీరు నిలిస్తే కుళ్లు తెగులు తగులుతుంది గనుక నల్లరేగడి నేల కూడ దీనికి ఇంపు కాదు.

తీపి లేని పండు

పండు అనగానే తీపి అనుకొంటాము. పక్వమయ్యే కొద్దీ పిండిపదార్థము చక్కెరగా మారడము అరటి, మామిడి, సపోటాలలో అందరికీ తెలిసినదే. వెన్నపండు దారి వేరు. అది గుజ్జులో క్రొవ్వును నిలువ చేస్తుంది. 100 గ్రాముల గుజ్జులో సుమారు 73 గ్రాములు నీరు, 15 గ్రాములు క్రొవ్వు, 7 గ్రాములు పీచు, 2 గ్రాములు మాంసకృత్తులు ఉంటవి. చక్కెర ఒక గ్రాముకు మించదు. కేలరీలు 160 వరకు లభిస్తవి. ఇదే తూకము టమాటాలో 94 గ్రాములకు పైగా నీరే, క్రొవ్వు దాదాపు సున్న, కేలరీలు 18. గుజ్జులో నూనె చేర్చుకొనే పండ్లు లోకములో అరుదు. ఆలివు, ఆయిల్ పామ్ ఆ కోవలోనివి.

ఇంత క్రొవ్వు, నడుమ కోడిగ్రుడ్డంత గింజ, ఈ రెండును ఎవరి కోసము? ఆ గింజను మ్రింగి దూరముగా విసర్జించగల అడవి జంతువు మెక్సికోలో నేడు లేదు. 10,000 ఏళ్లకు పైబడిన కాలమున అక్కడ తిరిగి, తరువాత అంతరించిన ఏనుగుజాతి మృగములు ఈ పండును తిని గింజలను వెదజల్లి ఉంటవని జాన్‌జెన్, మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు 1982లో ఊహించినారు. అది ఊహయే, అయినా ఆలోచింపదగినది.

వెన్నపండు క్రొవ్వులో సగానికి పైగా ఓలియికామ్లము. ఇదే గొప్ప విశేషమని ప్రచారకులు చెబుతారు. వేరుసెనగ నూనెలో కూడ ఇంచుమించు సగము ఓలియికామ్లమేనని వారు చెప్పరు.

ఎరుపు నీటికి లొంగదు

టమాటా ఎరుపునకు కారణము లైకోపీను అనే రంగు పదార్థము. క్యారెట్టులోని నారింజ రంగుకు కారణము బీటా కెరొటీను. ఈ రెండింటి అణువులలోను 40 కర్బన పరమాణువులు, 56 ఉదజని పరమాణువులు ఉంటవి. సూత్రము ఒకటే, అమరిక వేరు. బీటా కెరొటీను గొలుసుకు రెండు కొసలను ఒక్కొక్క ఉంగరము ఉంటుంది. లైకోపీనుకు ఆ ఉంగరములు లేవు. అది కొసలు విడిచిన దారము. ఒకే సూత్రము గల రెండు వేర్వేరు పదార్థములను సమాంగములు అని రసాయనశాస్త్ర పాఠములో చెబుతారు. దానికి ఇంతకంటె రుచికరమైన ఉదాహరణము దొరకదు.

లైకోపీను తయారగుటకు చల్లదనము కావలెను. వేడి 30 డిగ్రీలు దాటిన కొద్దీ మొక్క దానిని తయారు చేయడము తగ్గిస్తుంది. బీటా కెరొటీను మాత్రము తయారవుతూనే ఉంటుంది. అందుచేతనే నడివేసవిలో వచ్చే టమాటా ఎంత పండినా నారింజ చాయలోనే నిలిచిపోవడము పలనాటి గృహిణులు చూస్తూనే ఉంటారు. కాయ పండలేదని అంగడివానిని నిందించి లాభము లేదు. ఆ తప్పు సూర్యునిది.

ఈ రెండు రంగులును నీటిలో కరగవు, నూనెలో కరుగుతవి. దీనిని ఋజువు చేయుటకు ప్రయోగశాల అక్కరలేదు. బాగా పండిన రెండు టమాటాలను మెత్తగా నూరి సగము గాజుసీసాలో పోయండి. పైన నాలుగు చెంచాల నూనె పోసి, మూతపెట్టి అయిదు నిమిషములు గట్టిగా కుదిపి కదలకుండ ఉంచండి. కొంతసేపటికి నూనె పైకి తేరుకొంటుంది. పసుపు వన్నె నూనె నారింజ వన్నెకు తిరిగి ఉంటుంది. టమాటా కూర మీద తేలే ఎర్రని తేట ఇదే. టమాటా కూర పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎంత తోమినా ఎరుపు వదలకపోవడానికి కూడ కారణమిదే: లైకోపీను నీటిని విడిచి ప్లాస్టిక్కును ఆశ్రయిస్తుంది. ఆ డబ్బాను రెండు దినములు ఎండలో పెడితే, గొలుసులోని బంధములు వెలుతురుకు, ఆమ్లజనికి లోనై విడిపోయి, రంగు తనంతట పోతుంది.

సీసాలో జరిగినదే ప్రేవులో కూడ జరుగవలెను. మనము తిన్న కెరొటీను చిన్నప్రేవులో జీర్ణరసముల నడుమకు చేరుతుంది. ఆ రసములు నీళ్లవంటివి. తోడుగా క్రొవ్వు ఉంటేనే పిత్తాశయము బాగా ముడుచుకొని పైత్యరసమును వదులుతుంది. పైత్యరసము క్రొవ్వును కంటికి కనపడనంతటి బిందువులుగా చీలుస్తుంది. ఆ బిందువులలో కరిగి కెరొటీను ప్రేవు గోడలోని కణములకు చేరుతుంది. అక్కడ నుండి క్రొవ్వుతో పాటు శోషరసములోనికి, తరువాత రక్తములోనికి పోతుంది. క్రొవ్వు లేకపోతే ఎక్కవలసిన బండి రాదు. కెరొటీను వచ్చిన దారినే బయటికి పోతుంది.

మూడు ప్రయోగములు

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములో ఈ విషయమును సరిగా మన వంటకముతోనే పరీక్షించినారు. 2005లో ప్రచురితమైన ఆ ప్రయోగములో పాల్గొన్న ఆరోగ్యవంతులు 11 మంది. వారికి ఒకసారి ఉత్త టమాటా మిశ్రమమును, మరొకసారి అదే మిశ్రమమును 150 గ్రాముల వెన్నపండుతో కలిపి పెట్టి, తరువాత గంటగంటకు రక్తము తీసి అందులో చేరిన కెరొటీనులను కొలిచినారు. వెన్నపండు కలిసినప్పుడు లైకోపీను 4.4 రెట్లు, బీటా కెరొటీను 2.6 రెట్లు అధికముగా శరీరమునకు పట్టినది. పదకొండు మందితో చేసిన ప్రయోగమును బట్టి లోకమునకంతకు లెక్క కట్టరాదు. కాని తేడా చిన్నది కాదు, దాని దిశ విషయములో సందేహము లేదు.

ప్రచారకులు ఈ అంకెల వద్దనే ఆగిపోతారు. అదే ప్రయోగములో మరొక భాగమున్నది. వెన్నపండుకు బదులు ఆ పండు నుండి తీసిన నూనెను మాత్రమే, 24 గ్రాములు, కలిపి చూచినారు. ఫలితము ఇంచుమించు అదే వచ్చినది. అనగా గుజ్జులో అద్భుతమేమియు లేదు. పని చేసినది క్రొవ్వు. క్రొవ్వు చేసే పనిని వేరుసెనగ క్రొవ్వు చేయకూడదన్న నియమము ప్రకృతిలో లేదు. 100 గ్రాముల వేరుసెనగ గింజలలో దాదాపు సగము క్రొవ్వే. నువ్వులూ అంతే. చిత్రమేమంటే వేరుసెనగ కూడ దక్షిణ అమెరికా నుండి వచ్చినదే. వెన్నపండుకు చుట్టము కాదు గాని ఒకే ఖండపు బిడ్డ. మన పొలములలో చాలకాలము క్రిందటనే స్థిరపడినది.

రెండవ ప్రయోగము జర్మనీది, 1997 నాటిది. పచ్చి టమాటాలను, ఉడికించి చిక్కబరచిన టమాటా ముద్దను, రెండింటిలోను లైకోపీను సమానముగా ఉండునట్లు తూచి, ఒకే కొలత మొక్కజొన్న నూనెతో కలిపి పెట్టి చూచినారు. ముద్ద తిన్నప్పుడు రక్తములో చేరిన లైకోపీను పచ్చి పండు తిన్నప్పటి కంటె 3.8 రెట్లు హెచ్చు. పచ్చి టమాటాలో లైకోపీను స్ఫటికముల రూపములో కణముల లోపల, పీచుతో చేసిన గోడల వెనుక బందీగా ఉంటుంది. వేడి, నలుగగొట్టడము ఆ గోడలను పడగొడతవి. ఇక పలనాటి వంటింటిలో జరిగేది ఏమిటి? టమాటాలను నూనెలో మగ్గబెడతారు. పచ్చిమిర్చితో కలిపి రోట వేసి నూరుతారు. వేడి అన్నములో మళ్లీ ఒక చెంచా నూనె వేసి కలుపుకొంటారు. నిప్పు, రోలు, నూనె మూడును కుదిరినవి. లైకోపీను మాటకే వస్తే, ఖరీదైన పళ్లెములోని పచ్చి టమాటా ముక్కల కంటె ఈ రోటిపచ్చడిదే పైచేయి కావలెను.

అలాగని పచ్చి ముక్కలను త్రోసిపుచ్చరాదు. టమాటాలోని విటమిన్ సి వేడికి కొంత నశిస్తుంది. 100 గ్రాములలో ఉండే సుమారు 14 మిల్లీగ్రాములు పచ్చిగా తిన్నప్పుడే పూర్తిగా దక్కుతవి. వెన్నపండు పీచు, పొటాసియము కూడ మంచివే. వండిన పచ్చడి, వండని ముక్కలు ఒకదానికొకటి పోటీ కావు.

మూడవ ప్రయోగము మన హైదరాబాదుది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయిన పరిశోధనాలయములోని శాస్త్రజ్ఞులు చిన్నపిల్లలకు దినమునకు 40 గ్రాముల పాలకూర పెట్టి, క్రొవ్వు కలిపినప్పుడు, కలపనప్పుడు వారి రక్తములో విటమిన్ ఎ ఎంత పెరుగుతుందో చూచినారు. 1980లో ప్రచురించిన ఫలితము ప్రకారము క్రొవ్వు తోడైన పిల్లలలో పెరుగుదల హెచ్చు. ఆ మేలు కనపడుటకు 5 గ్రాముల క్రొవ్వే చాలినది. 5 గ్రాములంటే ఒక చిన్న చెంచాడు నూనె. లేదా గుప్పెడు కూడ నిండని 10 గ్రాముల వేరుసెనగ గింజలు.

చీకటిలో తడుముకొనే పిల్లవాడు

ఈ చెంచాడు నూనె విషయము ఇంత సాగదీయడమెందుకని కొందరికి తోచవచ్చును. కంటి లోపలి రెటీనా పొరలో మసక వెలుతురును పట్టే రొడాప్సిన్ అనే పదార్థమున్నది. అది తయారగుటకు విటమిన్ ఎ కావలెను. అది చాలని పిల్లవాడు పగలు బాగానే ఆడుకొంటాడు. ప్రొద్దు క్రుంకగానే గడప కానక తడుముకొంటాడు. దీనినే రేచీకటి అంటారు. ముదిరితే నల్లగ్రుడ్డు మెత్తబడి చూపు శాశ్వతముగా పోతుంది. ఈ కారణమున మన దేశములో ఎందరో పసివాళ్లు గ్రుడ్డివారయినారు. హైదరాబాదు సంస్థ పరిశోధనల ఆధారముగా 1970లో భారత ప్రభుత్వము చిన్నపిల్లలకు ఆరేసి నెలలకు ఒకసారి విటమిన్ ఎ ద్రావకమును పెద్ద మోతాదులో పోయించే పథకమును ప్రారంభించినది. క్రొవ్వులో కరిగే విటమిను గనుక కాలేయము దానిని దాచుకొని నెలల తరబడి వాడుకొంటుంది. అందుకే రోజూ పోయనక్కరలేదు. ఆ పథకము వచ్చిన తరువాత పరిస్థితి ఎంతో మారినది. అయినా శరీరమునకు దినదినము కావలసినది కంచములోని ఆహారము నుండే రావలెను.

ఇక్కడ ఒక పొరపాటును సవరించవలెను. టమాటా ఎర్రగా ఉన్నది గనుక కంటికి మంచిదని పలువురు చెబుతారు. లైకోపీనుకు ఉంగరము లేదని పైన చెప్పినాము. శరీరము బీటా కెరొటీను అణువును నడిమికి ఖండించి విటమిన్ ఎ తయారు చేస్తుంది. ఉంగరము లేనిదే అది సాధ్యము కాదు. కనుక లైకోపీను నుండి విటమిన్ ఎ ఒక్క రవ్వ కూడ రాదు. టమాటాలో బీటా కెరొటీను కొంత ఉన్న మాట నిజమే గాని, తోటకూర, పాలకూర, మునగాకు దానికంటె ఎన్నో రెట్లు మిన్న. నీళ్లలో ఉడికించి ఉప్పు వేసి దించిన ఆకుకూర పప్పులో ఒక చెంచా నూనెతో తాలింపు పెట్టడము రుచికి మాత్రమే కాదు. ఇంటనైనా, బడిలో మధ్యాహ్న భోజనములోనైనా పొదుపు పేరుతో ఆ చెంచాను తీసివేస్తే, కూర కొన్న డబ్బులో కొంత భాగము పారవేసినట్లే.

పళ్లెము సిద్ధము చేసేటప్పుడు

వెన్నపండు దొరికినవారు ఒక వింతను గమనించవచ్చును. అది చెట్టున పండదు. ముదిరిన కాయ వారాల తరబడి కొమ్మను గట్టిగానే వ్రేలాడుతుంది. కోసిన తరువాతనే మెత్తబడుతుంది. మెత్తబరచేది పండు తనలో తయారు చేసుకొనే ఇథిలీను వాయువు. పచ్చికాయను ఒక అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో చుట్టిపెడితే అరటి విడిచే ఇథిలీను తోడై త్వరగా పండుతుంది. మామిడికాయలను వరిగడ్డిలో, సీతాఫలములను బియ్యపు డబ్బాలో కప్పిపెట్టేవారు ఈ వాయువును పోనీయక పట్టి ఉంచుతున్నారన్నమాట. కాల్సియము కార్బైడు ముక్కలు పెట్టే పద్ధతి ఇందుకు కేవలము విరుద్ధము: దాని నుండి వచ్చేది ఎసిటిలీను, దాని వెంట పాషాణము, భాస్వరము కలిసిన విషములు రావచ్చును. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానిని నిషేధించినవి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టరాదు. చలికి పక్వము ఆగిపోతుంది. తొడిమ వద్ద బొటనవ్రేలితో మెల్లగా నొక్కి చూస్తే పండినదీ లేనిదీ తెలుస్తుంది.

కోసిన పది నిమిషములకే గుజ్జు గోధుమవన్నెకు తిరగడము మొదలుపెడుతుంది. వంకాయ కోసినవారికి ఇది క్రొత్త కాదు. కత్తి కణములను చీల్చగానే, లోపల వేర్వేరు అరలలో ఉన్న ఫినాలు పదార్థములు, రాగి పరమాణువులు గల ఒక ఎంజైము కలుసుకొంటవి. గాలిలోని ఆమ్లజని తోడవుతుంది. మూడును కలిసి నల్లని రంగు తయారు చేస్తవి. మూడింటిలో ఏ ఒక్కదానిని అడ్డగించినా నలుపు ఆగుతుంది. వంకాయ ముక్కలను ఉప్పునీళ్లలో వేసేవారు గాలిని అడ్డగిస్తున్నారు. నిమ్మరసము పిండితే ఎంజైము దెబ్బతింటుంది. వెన్నపండు గుజ్జు దాదాపు పులుపు లేనిది, పి.హెచ్. 6కు పైన ఉంటుంది, ఎంజైముకు అది అనుకూలము. నిమ్మ దానిని ఒక్కసారిగా దించివేస్తుంది. నిమ్మలోని విటమిన్ సి ఏర్పడుతున్న రంగును మళ్లీ వెనుకకు త్రిప్పుతుంది. టమాటా రసము కూడ పుల్లనిదే, పి.హెచ్. 4.3 ప్రాంతములో ఉంటుంది. అందుచేత పైన పరచిన మిశ్రమము కొంత కాపుదల ఇస్తుంది గాని నిమ్మంత కాదు. గింజను గుజ్జులో ఉంచితే నల్లబడదని చెప్పే మాటలో సారము లేదు. గింజ క్రింద గాలి సోకని చోటు మాత్రము పచ్చగా ఉంటుంది. ఒక గోలీ పెట్టినా అంతే.

తరగతిలో దీనిని చూపుటకు వెన్నపండు కొననక్కరలేదు. ఒక వంకాయను నాలుగు ముక్కలు చేసి, ఒకదానిని గాలికి విడిచి, ఒకదానిని నీట ముంచి, ఒకదానికి నిమ్మరసము పూసి, ఒకదానిని రెండు నిమిషములు మరిగే నీళ్లలో వేసి తీసి, అరగంట తరువాత పక్కపక్కన పెట్టి విద్యార్థులచేతనే కారణములు చెప్పించవచ్చును.

ఉప్పు విషయములో తొందర పనికిరాదు. తరిగిన టమాటాకు ఉప్పు తగలగానే ద్రవాభిసరణము వల్ల కణముల లోపలి నీరు బయటికి వచ్చి, అరగంటలో పళ్లెమంతా రసమవుతుంది. అందుచేత టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీరలను బాగా కడిగి, తరిగి సిద్ధముగా ఉంచుకొని, వడ్డనకు ముందు మాత్రమే ఉప్పు, నిమ్మరసము కలపవలెను. ఒక పండు గుజ్జుకు రెండు మధ్యరకము టమాటాలు, ఒక చిన్న ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ, అరచెక్క నిమ్మకాయ సరిపోతవి. వెన్నపండు లేనిచోట ఆ మిశ్రమమునే దోసకాయ ముక్కల మీద పరచి, వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుసెనగ గింజలు రెండు చెంచాలు చల్లుకోవచ్చును. కావలసిన క్రొవ్వు అందులోనే వచ్చినది.

మిగిలిన గింజకు మూడు పుల్లలు గ్రుచ్చి, లావుపాటి అడుగు భాగము మాత్రము తడిసేటట్లు గ్లాసు నీటిపై నిలబెడితే కొన్ని వారములకు నిలువునా పగిలి, మొదట వేరు, తరువాత మొలక వస్తవి. ద్విదళబీజము పాఠమునకు ఇంత పెద్ద నమూనా దొరకడము కష్టము. మొలక ఎంత ఏపుగా పెరిగినా దానిని పాఠశాల వరండా నీడలోనే ఉంచవలెను. పలనాటి రోహిణీకార్తె ఎండకు అది నిలువదు.